పర్మాకల్చర్: సాగుదారుల చదువు, ఇచ్చిపుచ్చుకోలు

ఇల్లు, పెరడు, చేను, చెట్టు, నీరు, పశువు, మనిషి: వీటిలో ఒకదాని అవసరాన్ని మరొకటి తీర్చేలా ఒకచోట కుదుర్చుకునే సాగు ప్రణాళికే పర్మాకల్చర్. 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో ఇది రూపుదిద్దుకుంది. తెలుగులో శాశ్వత వ్యవసాయం అని అనువదించినవారు ఉన్నారు గాని, వాడుకలో పర్మాకల్చర్ అన్న మాటే నిలిచింది. ఫలానా పంటను ఫలానా విధంగా పండించమని ఇది చెప్పదు. ఏది ఎక్కడ ఉండాలి, దేని పక్కన ఉండాలి అని ఆలోచింపజేస్తుంది. కోళ్ళగూడు కూరమడి పక్కన ఉంటే పెంట మోసే పని తగ్గుతుంది, మడిలోని పురుగులను కోళ్ళు ఏరుకుంటాయి, మిగిలిన ఆకుకూర వాటికే మేత అవుతుంది. గూడును దొడ్డి చివరికి జరిపితే ఆ మూడు పనులూ మనిషి నెత్తిన పడతాయి.

ఈ పద్ధతికి కావలసిన సరుకుల్లో అంగట్లో దొరికేవి తక్కువ. నాటు విత్తనం, నాటడానికి కొమ్మ, పిలక, పేడ, ఆకు, ఆ నేల స్వభావం తెలిసినవాళ్ళ మాట, పనిరోజున నాలుగు చేతుల సాయం: ఇవన్నీ ఇరుగుపొరుగు నుంచే రావాలి. అందుకే సాగుదారుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం పర్మాకల్చర్‌కు చివర తగిలించిన దానధర్మం కాదు. అది లేకపోతే పద్ధతే నడవదు.

పుట్టుక

టాస్మేనియాలోని స్టాన్లీ అనే చిన్న ఊళ్ళో 1928లో పుట్టిన బిల్ మోలిసన్, ఆయన దగ్గరకు విద్యార్థిగా వచ్చిన డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి ఈ ఆలోచనకు రూపం ఇచ్చారు. ఇద్దరి పేరిట 1978లో ‘పర్మాకల్చర్ వన్’ వెలువడింది, మరుసటి ఏడు మోలిసన్ ‘పర్మాకల్చర్ టూ’ వచ్చింది. శాశ్వతం, వ్యవసాయం అన్న అర్థాలున్న రెండు ఇంగ్లీషు మాటలను అతికించి చేసిన పేరు ఇది. తరవాత దాని పరిధి వ్యవసాయం దాటి సంస్కృతి దాకా విస్తరించింది. మోలిసన్‌కు 1981లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది. 1988లో ఆయన ప్రచురించిన రూపకల్పన గ్రంథమే నేటికీ శిక్షణలకు మూలం. 2002లో హోమ్‌గ్రెన్ పన్నెండు సూత్రాలుగా విషయాన్ని మళ్ళీ కూర్చారు. మోలిసన్ 2016లో మరణించారు.

వారి ఆలోచన శూన్యంలోంచి ఊడిపడలేదు. కొండవాలు నేలల్లో దున్నే పంటలకు బదులు కాయలిచ్చే చెట్లు పెంచమన్న అమెరికా భూగోళవేత్త జె. రసెల్ స్మిత్ పుస్తకం 1929 నాటిది. పొలంలో వాననీటిని ఎత్తుపల్లాల వెంట మళ్ళించే పి.ఎ. యోమన్స్ పద్ధతి ఆస్ట్రేలియాలోనే 1950లలో వచ్చింది. దున్నని సేద్యం చేసిన జపాన్ రైతు మసనోబు ఫుకుఓకా పుస్తకం 1975లో వెలువడింది. వీటితో పాటు ఆదివాసుల జీవన విధానం నుంచి కూడా మోలిసన్ ఎంతో తీసుకున్నారు. మొత్తం పర్మాకల్చరే అరువు తెచ్చుకున్న జ్ఞానం మీద నిలబడిందని చెప్పడం దాన్ని తక్కువ చేయడం కాదు. చెదిరి ఉన్నవాటిని ఒకచోట చేర్చి, చూసే కన్ను ఇవ్వడమే దాని ఘనత.

ఆ కన్నుకు మంచి ఉదాహరణ మండలాల విభజన. ఇల్లు సున్నా మండలం. రోజుకు పదిసార్లు కాలు పడే కూరమడి, కరివేపాకు చెట్టు ఒకటో మండలం. రోజుకు ఒకటి రెండుసార్లు వెళ్ళే పండ్లచెట్లు, కోళ్ళు రెండోది. ప్రధాన పంటల చేను మూడు, మేతకూ కట్టెకూ వాడే చెట్లు నాలుగు, మనిషి చెయ్యి పెట్టకుండా వదిలేసే అడవి అయిదు. పెరడు, దొడ్డి, చేను, బీడు, గుట్ట అన్న వరసను ఎరిగిన తెలుగు పల్లెకు ఇది కొత్త సంగతి కాదు. కొత్తదల్లా, నీళ్ళ కుండీ ఎక్కడ పెట్టాలి, మునగచెట్టు ఎక్కడ నాటాలి అనే ప్రతి నిర్ణయానికీ ఆ వరసను కొలబద్దగా వాడడం.

దక్కనుకు రాక

1987లో మోలిసన్, ఆయన సహచరురాలు రాబిన్ ఫ్రాన్సిస్ భారతదేశంలో తొలి శిక్షణ ఇచ్చారు. వారిని రప్పించడంలోనూ, ఆ తరవాత ఈ దేశంలో విషయాన్ని నాటడంలోనూ డాక్టర్ వెంకట్ అనే ఆయన పాత్ర పెద్దది. తెలుగు నేల మీద ఇది వేళ్ళూనిన చోటు జహీరాబాద్ ప్రాంతం: నాటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లా. అక్కడి పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ వంటివారి చొరవతో ఊరూరా మహిళా సంఘాలను నిలబెట్టింది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఎకరమో రెండెకరాలో ఎర్రచెలక, అదీ బీడు, వానే ఆధారం. పర్మాకల్చర్ పాఠం వచ్చింది ఆ చేతుల్లోకి.

అయితే వాళ్ళు ఖాళీ పలకతో కూర్చోలేదు. జొన్న, కంది, బొబ్బర, అనుము, పెసర, కొర్ర, సామ, గడ్డినువ్వులు, కుసుమ వంటివాటిని ఒకే చేనులో కలిపి వేయడం వాళ్ళ ఇంటి విద్య. ఆ కలయికలోని లెక్కను చూడండి. జొన్న నాలుగు నెలల్లో కోతకొస్తుంది. కంది నిదానంగా ఎదిగి, జొన్న కోశాక వచ్చే వెలుతురును అందుకుని, లోతుకు దిగిన వేళ్ళతో అడుగు తేమను తాగి కాస్తుంది. బొబ్బర నేల మీద పరుచుకుని తేమ ఆరకుండా కాపాడుతుంది. కంది, బొబ్బర వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తాయి. జొన్నకంకి మీద వాలిన పిట్టలు కందికాయను తొలిచే పురుగునూ ఏరుకు తింటాయి. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి ఇంటికి చేరుతుంది. ఉత్తర అమెరికా ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే తీరును పర్మాకల్చర్ పుస్తకాలు తోడుమొక్కలకు ఉదాహరణగా చూపుతాయి. జహీరాబాద్ చెలక అంతకు ఏమాత్రం తీసిపోదు.

సొసైటీతో పనిచేసిన కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 1999లో అరణ్య అనే సంస్థను స్థాపించారు. జహీరాబాద్ దగ్గరి బిడకన్నెలో వాళ్ళ క్షేత్రం ఉంది. గుల్లరాతి ఎర్రనేలను చెట్ల నీడకు తెచ్చిన ఆ చోటే వాళ్ళ బడి. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనం భారతదేశానికి వచ్చినప్పుడు మొదటి రెండు రోజుల సదస్సు హైదరాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆ తరవాతి రోజుల కలయిక బిడకన్నె పొలంలోనే సాగింది. ఎన్నో దేశాల సాగుదారులు పొలంలో కూర్చుని ఒకరి అనుభవం ఒకరు విన్నారు.

మూడో నీతి

పర్మాకల్చర్‌కు మూడు నీతులు: నేలను కాచుకోవడం, మనుషులను కాచుకోవడం, మిగులును పంచుకోవడం. మొదటి రెండింటిని కాదనేవాళ్ళు ఉండరు. చిక్కంతా మూడోదానితోనే. మోలిసన్ గ్రంథంలో అది జనాభాకూ వాడకానికీ హద్దు పెట్టుకోవడం అన్న అర్థంలో ఉంది. అలా హద్దు పెట్టుకుంటే మిగిలేది మొదటి రెండు నీతులకు ఖర్చవుతుందని ఆయన తర్కం. తరవాతి తరం దాన్ని న్యాయమైన వాటా, మిగులును తిరిగివ్వడం అని మార్చి చెప్పింది. మాటలు మారినా ప్రశ్న ఒకటే: ఎంత ఉంటే చాలు, మిగిలింది ఎవరికి?

దీనికి ఆచరణలో దొరికిన గట్టి సమాధానాల్లో ఒకటి జహీరాబాద్ సంఘాల విత్తన బ్యాంకు. విత్తనం కావలసినామె సంఘం దగ్గర తీసుకుంటుంది, డబ్బు చెల్లించదు. పంట వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు కొలిచి పోస్తుంది. రెండు పాళ్ళలో ఒకటి పాత నిలవను పూడుస్తుంది, రెండోది వచ్చే ఏడు మరో ఆడబిడ్డ చేనుకు వెళుతుంది. వడ్డీవ్యాపారి దగ్గరా రెట్టింపే కట్టాలి కదా అనిపించవచ్చు. తేడా ఎక్కడంటే, ఇక్కడ పెరిగినది ఒక ఇంటి గాదెలోకి పోదు, ఊరి చేతిలోనే ఉంటుంది. పైగా విత్తనానికి పెరగడం సహజగుణం, రూపాయికి కాదు. కిలో జొన్న విత్తనం పోస్తే రెండు కిలోలు తిరిగివ్వడం చేనుకు భారమే కాదు.

ధాన్యానికీ ఇలాంటి ఏర్పాటే చేసుకున్నారు. బీడుగా పడివున్న చెలకలను సాగులోకి తేవడానికి రైతులకు అప్పు ఇచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి తీసుకుని, ఊళ్ళోనే నిలవచేసి, తిండికి కరువొచ్చే నెలల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు ఎంత పేదవాళ్ళో ఊరివాళ్ళే కూర్చుని తేల్చుకున్నారు. బయటినుంచి బియ్యం తెచ్చి పంచే చౌకదుకాణానికి ఇది ఊరి జవాబు. ఊరి నేల, ఊరి ఎరువు, ఊరి కూలి, ఊరి తిండి ఒక చుట్టు తిరిగివచ్చాయి. పర్మాకల్చర్‌లో నీటికీ పోషకానికీ చెప్పే సూత్రం ఇక్కడ మనుషుల మధ్య పనిచేసింది.

మాటను పంచుకోవడానికి కూడా ఈ స్త్రీలు దారులు వేసుకున్నారు. అక్షరం రాని చేతులు వీడియో కెమెరా పట్టాయి. 2008 అక్టోబరులో మాచ్‌నూర్ నుంచి సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. విత్తన నిలవ, కలుపులో దొరికే కూరలు, మందుమొక్కలు, పాటలు అన్నీ ఆ ప్రాంతపు నుడికారంలోనే గాలికెక్కాయి. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాలతో అలంకరించిన ఎడ్లబళ్ళు దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతాయి. బండి ఆగిన ప్రతి ఊళ్ళోనూ గింజలను చేతుల్లోకి తీసుకుని చూస్తారు, మరిచిపోయిన పేర్లను పెద్దవాళ్ళు గుర్తుచేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం ఈ సంఘాలకు వచ్చింది. 2023లో సతీశ్ కన్నుమూశారు.

చదువు

పర్మాకల్చర్‌ను లాంఛనంగా నేర్పే కోర్సు ప్రపంచమంతటా 72 గంటలది. మోలిసన్ గ్రంథంలోని అధ్యాయాల వరసలో సాగి, చివర ఒక నిజమైన స్థలానికి ప్రణాళిక గీసి చూపడంతో ముగుస్తుంది. ఒకరి దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఆచరించి, మరొకరికి నేర్పడం ఆనవాయితీ. ఈ గొలుసే దీన్ని నలభై ఏళ్ళలో ఖండాలు దాటించింది. విశ్వవిద్యాలయాలు పట్టించుకోని కాలంలో ఇంతకన్నా దారి లేదు కూడా. అయితే రుసుము, వసతి ఖర్చు కలిపితే సన్నకారు రైతుకు అది అందని పండే. పట్నం ఉద్యోగులే తరగతి నిండా ఉన్న శిక్షణలు తక్కువేమీ కాదు.

ఆ కోర్సుకు వెళ్ళలేనివాళ్ళకూ నేర్చుకునే మార్గం ఉంది. మొదటి పాఠం, ఏమీ చేయకుండా ఒక ఏడు చూడడం. వాన కురిసినప్పుడు గొడుగు పట్టుకుని పొలంలో నిలబడితే నీళ్ళు ఎటు పోతున్నాయో, ఎక్కడ మట్టి కొట్టుకుపోతోందో తెలుస్తుంది. ఎండాకాలం సాయంత్రం ఏ గోడ వేడి కక్కుతోందో, గాలి ఎటునుంచి కొడుతోందో, ఏ మూల గడ్డి ఆలస్యంగా ఎండుతోందో రాసిపెట్టుకోవాలి. పొరుగు రైతుకు ఇవన్నీ ముందే తెలిసివుంటాయి. అడగడమే ఆలస్యం.

రెండో పాఠం సమతల రేఖ గీయడం. దీనికి కొనాల్సిన పనిముట్టు ఏదీ లేదు. మనిషి ఎత్తున్న రెండు సమానమైన వెదురు బొంగులను పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగిస్తే ఇంగ్లీషు అక్షరం ‘ఏ’ ఆకారం వస్తుంది. పైముడి నుంచి దారానికి రాయి వేలాడదీయాలి. రెండు కాళ్ళనూ నేల మీద రెండు గుర్తుల్లో నిలబెట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టాలి. కాళ్ళను అటుదిటు మార్చి అవే గుర్తుల్లో నిలబెట్టి మరో గీత పెట్టాలి. రెండు గీతలకు నడిమధ్యే మట్టం. ఇక దారం ఆ మధ్యగీతను తాకేలా ఒక కాలు తరవాత ఒక కాలు వేస్తూ, ప్రతి అడుగు దగ్గరా ముగ్గుతో గుర్తు పెడుతూ పోతే, వంకర టింకరగా ఒక గీత పొలం మీద తేలుతుంది. గీత మీద ప్రతిచోటూ ఒకే ఎత్తులో ఉంటుంది. దాని వెంట కందకం తవ్వి, మట్టిని పల్లం వైపు గట్టుగా వేస్తే, వాననీరు పరుగు మాని నిలిచి ఇంకుతుంది. గట్టు మీద సీతాఫలం, ఉసిరి, మునగ, పచ్చిరొట్టకు గ్లిరిసిడియా నాటుకోవచ్చు. ఎక్కువైన నీరు పోవడానికి కందకంలో ఒకచోట రాళ్ళు పరిచిన దారి తప్పనిసరి, లేకపోతే పెద్దవాన గట్టును తెంచుకుపోతుంది. ముగ్గురు మనుషులు ఒక పూటలో నేర్చుకోగల విద్య ఇది. ఆ చట్రం ఊరంతా చేతులు మారినా అరగదు.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. ఎర్రచెలకలో బంగారంలా పనిచేసిన కందకం నల్లరేగడిలో నీటిని నిలవేసి వేళ్ళను కుళ్ళబెట్టవచ్చు. అక్కడ నీరు మెల్లగా బయటికి జారేలా స్వల్ప వాలుతో గట్లు వేయాలి. నిటారు కొండవాలులో కందకం తవ్వితే మట్టే జారిపోవచ్చు. ఒకరి చిత్రపటాన్ని మరొకరు అలాగే దించుకోవడం పర్మాకల్చర్ నేర్చుకునేవాళ్ళు తరచుగా చేసే పొరపాటు. ఏం చేశామో చెప్పేటప్పుడు ఏ నేలలో, ఎంత వాలులో, ఎంత వానలో చేశామో కూడా చెప్పాలి. పోయిన మొక్కల కథ బతికిన మొక్కల కథ కన్నా వినేవాళ్ళకు ఎక్కువ మేలు చేస్తుంది.

విత్తనం చేతులు మారేటప్పుడు

విత్తనం ఇవ్వడం తేలిక, మంచి విత్తనం ఇవ్వడం కష్టం. శనగ, పెసర, మినుము, బొబ్బర, టమాటా తమ పుప్పొడితోనే ఎక్కువగా ఫలదీకరణ చెందుతాయి కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మొక్కల నుంచి తీస్తే చాలు, రకం నిలుస్తుంది. కంది పూలకు తేనెటీగలు తిరుగుతాయి కనుక పక్కచేని రకం కలుస్తుంది. సజ్జ, మొక్కజొన్న గాలికి కలిసిపోతాయి. గుమ్మడి, బీర, సొర, దోస పూర్తిగా పురుగుల దయ మీద ఉంటాయి. ఈ పాదుల రకం చెడకుండా ఉండాలంటే, మర్నాడు విచ్చుకోబోయే గుమ్మడి మగపువ్వునూ ఆడపువ్వునూ ముందురోజు సాయంత్రమే దారంతో కట్టేసి, తెల్లవారి విప్పి, చేత్తో పుప్పొడి అంటించి, మళ్ళీ కట్టి, ఆ కాడకు గుర్తు పెట్టాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటి పని ఆ వేళకే చూసుకోవాలి. సంకర విత్తనపు పంట నుంచి తీసిన గింజను ఇతరులకు ఇవ్వకూడదు. రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి, తీసుకున్నవాళ్ళ ఏడాది కష్టం వృథా అవుతుంది.

ఎండబెట్టిన గింజను పంటి కింద పెడితే నొక్కుకుపోకుండా టక్కున విరగాలి. పేడ, మట్టి అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి పెట్టడం, కందులకు ఎర్రమట్టి పట్టించడం పల్లెలు కాచుకొచ్చిన విద్యలు. ఇచ్చే ముందు వంద గింజలను తడిగుడ్డలో చుట్టిపెట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. పొట్లం మీద రకం పేరు, ఊరు, తీసిన ఏడు, మొలక శాతం, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాయాలి. ఆ చివరి మాట మర్యాద కోసం మాత్రమే కాదు. విత్తనంలో ఏదైనా తెగులు బయటపడితే వెనక్కి వెళ్ళి ఆరా తీయడానికి అదొక్కటే ఆధారం.

మునగకొమ్మ, అరటిపిలక, కరివేపాకు వేరుమొక్క, పచ్చిరొట్ట కోసం కానుగ గింజలు, వానపాములు, పనిరోజున బదులుసాయం కూడా ఈ ఇచ్చిపుచ్చుకోలులోకే వస్తాయి. హైదరాబాద్, విజయవాడ మిద్దెతోటల వాళ్ళు సెలవురోజు కలిసి విత్తనాలు, నారు మార్చుకోవడం ఇప్పుడు మామూలైంది. నేల లేని ఇంటికి కూడా సాగుబంధుత్వం ఉంటుందని ఆ కలయికలు చూపించాయి.

చట్టం ఈ విషయంలో రైతు పక్షాన ఉంది. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంటను, అందులోని విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు. రక్షిత వంగడాన్ని బ్రాండు పేరుతో అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఈ సెక్షన్ గురించి ప్రతి రైతుకూ తెలియాలి. ఎన్నో దేశాల్లో రైతులకు ఇంత స్పష్టమైన హక్కు లేదు.

ఇరుగుపొరుగు ఉద్యమాలు, విమర్శ

అనంతపురం కరువుసీమలో, చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం తదితరులు మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్, ఫుకుఓకా ప్రేరణతో 32 ఎకరాల బీడును అడవిగా తిరిగి నిలబెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయం తన సిద్ధాంతానికి పర్మాకల్చర్ పేరు పెట్టుకోలేదు. కానీ తొలకరికి ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచడం, అనుభవమున్న రైతే పక్క రైతుకు నేర్పడం రెండింటికీ ఉమ్మడి. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది.

పర్మాకల్చర్ మీద శాస్త్రవేత్తల ప్రధాన ఫిర్యాదు, దావాలు ఎక్కువ, కొలతలు తక్కువ అని. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. పుస్తకాల్లో ఆకర్షణీయంగా కనిపించే సుడిమడుల కన్నా, దిగుబడి ఎంత, కూలి ఎంత, ఎన్నేళ్ళకు తిండికి ఆసరా అయింది అనే లెక్క రైతుకు ముఖ్యం. ఈ లోటు మెల్లగా తీరుతోంది. జర్మనీ, లక్సెంబర్గ్ ప్రాంతాల్లోని తొమ్మిది పర్మాకల్చర్ క్షేత్రాలను పక్కనున్న మామూలు పొలాలతో పోల్చి 2024లో వెలువడిన అధ్యయనంలో నేలలోని కర్బన నిల్వ 27 శాతం, వానపాముల సంఖ్య 201 శాతం ఎక్కువని తేలింది. తొమ్మిది పొలాలు, అదీ చల్లని దేశాల్లో. దక్కను చెలకల్లో ఇలాంటి కొలతలు ఇంకా విరివిగా జరగాలి.

కడలి దాటిన చోట

అమెరికా తెలుగువాళ్ళ పెరళ్ళలో గోంగూర, దోసకాయ, బీర, చుక్కకూర విత్తనాలు చేతులు మారుతుంటాయి. విదేశాలకు విత్తనం తీసుకెళ్ళడానికి అక్కడి మొక్కల ఆరోగ్య శాఖ నియమాలు, అనుమతిపత్రాలు ఉంటాయి. వాటిని పట్టించుకోకపోవడం పొరుగువాడి తోటకు చేటు. కరివేపాకు ఇందుకు ఉదాహరణ. ఈ చెట్టు నిమ్మజాతికి దగ్గరి చుట్టం. నిమ్మ, నారింజ తోటలను తుడిచిపెట్టే పచ్చతెగులును మోసే సిల్లా పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియాలో దిగ్బంధ ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కను, కొమ్మను బయటికి తీసుకెళ్ళడం నిషిద్ధం. ఎంత ఆప్తులకైనా ఆ మొక్కను కారులో పెట్టి ఊరు దాటించకూడదు. అదే కాలిఫోర్నియా 2016లో చేసిన చట్టం, లాభాపేక్ష లేకుండా విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే గ్రంథాలయాలను విత్తన వ్యాపారులకు పెట్టిన పరీక్షల నిబంధనల నుంచి విడిపించింది. ఊరి గ్రంథాలయంలో పుస్తకాల పక్కన ఒక చెక్కపెట్టె, అందులో పొట్లాలు. ఒకటి తీసుకెళ్ళినవాళ్ళు పంట ముగిశాక కొత్త గింజలతో మరో పొట్లం తెచ్చి పెడతారు, మీద రకం పేరూ తీసిన ఏడూ రాసి.